వెలుగు అప్పు: ఇంటికి వెయ్యి రూపాయలు కూడా రాని విదేశీ డబ్బు పల్లెల్లో ఏం మార్చింది?

చిట్టా ఆవర్జా (ప్రశ్న)

విదేశీ సాయంతో పేదరికం తగ్గుతుందా అనే చర్చ ఎక్కడ మొదలైనా చివరికి గాల్లో మాటలుగానే మిగులుతోంది. మన దగ్గరే జరిగిన ఒక పెద్ద ప్రయోగం మీద లెక్క తేల్చుకుందామని ఇక్కడ అడుగుతున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల పొదుపు సంఘాల ద్వారా పల్లె పేదరికం తగ్గించడానికి 2000లో మొదలైన వెలుగు పథకం, తర్వాత పేరు మారి ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ).

మొదటి విడతలో శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ప్రపంచబ్యాంకు 11.1 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2003లో మిగిలిన 16 జిల్లాలకు మరో 15 కోట్ల డాలర్లు. డాలరుకు రూ.46 లెక్కన రెండూ కలిపి సుమారు రూ.1,200 కోట్లు. అప్పట్లో రాష్ట్రంలో పల్లె కుటుంబాలు కోటికి పైనే. ఎలా పంచినా ఇంటికి వెయ్యి రూపాయలు దాటదు, అదీ ఏళ్ల మీద.

అంత కొంచెం డబ్బు పేదరికాన్ని ఎలా కదిలిస్తుంది? అసలిది సాయమా, అప్పా? ఎవరు తీరుస్తున్నారు? డబ్బు ఏ దారిన ఊరికి చేరింది, ఎక్కడ కారిపోయింది? పథకాల ప్రకటనలు చాలానే చదివాను. లెక్క తెలిసినవారు చెబితే బాగుంటుంది.

ఖజానా కిటికీ

ముందు పేరు సంగతి. బడ్జెట్ పుస్తకాల్లో దీన్ని విదేశీ సాయం అనే రాస్తారు, చేతికొచ్చింది మాత్రం అప్పు. ప్రపంచబ్యాంకులో రెండు గల్లాలున్నాయి. ఐబీఆర్‌డీ మార్కెట్‌కు దగ్గరగా ఉండే వడ్డీకి ఇస్తుంది. ఐడీఏ పేద దేశాల కోసం. వెలుగు డబ్బు ఐడీఏ నుంచి వచ్చింది. భారత్‌కు అప్పట్లో షరతులివి: 35 ఏళ్ల గడువు, మొదటి 10 ఏళ్లు అసలు కట్టక్కర్లేదు, వడ్డీ లేదు, బాకీ మీద ఏటా 0.75 శాతం సర్వీసు చార్జీ. 2000లో తెచ్చింది 2035 దాకా తీరుతూనే ఉంటుందన్నమాట.

0.75 శాతం అనగానే ఉచితమే కదా అనిపిస్తుంది, కానీ ఇందులో రెండు మెలికలున్నాయి. ఐడీఏ ఈ అప్పును ఎస్‌డీఆర్‌లలో రాసుకుంటుంది, అంటే కొన్ని పెద్ద దేశాల కరెన్సీల కలగలుపులో. తెచ్చిన రోజు డాలరు రూ.44 దగ్గర ఉంది, ఇప్పుడు ఎనభై దాటింది. రూపాయి దిగిన కొద్దీ తీర్చాల్సిన అసలు రూపాయల్లో పెరుగుతుంది. ఆ భారాన్ని కలుపుకుని చూసినా బజారు అప్పు కంటే చవకే, కాకపోతే ఉచితం కాదు.

రెండో మెలిక ఢిల్లీలో ఉంది. విదేశీ అప్పు తీసుకునేది కేంద్రం, రాష్ట్రం నేరుగా తీసుకోవడానికి వీల్లేదు. 2005 ఏప్రిల్ దాకా మామూలు రాష్ట్రాలకు కేంద్రం దాన్ని 30 శాతం గ్రాంటుగా, 70 శాతం అప్పుగా ఇచ్చేది. ఆ 70 శాతం మీద కేంద్రం తన రుణాలకు వేసుకునే వడ్డీనే వేసేది. 2000 ప్రాంతంలో అది పన్నెండు శాతం దరిదాపుల్లో ఉంది. ఢిల్లీకి ముప్పావు శాతానికి వచ్చిన డబ్బు హైదరాబాద్ చేరేసరికి ఆ రేటుకు చేరింది. దానికి బదులు మారకపు నష్టాన్ని కేంద్రం భరించింది. 12వ ఆర్థిక సంఘం చెప్పాక పద్ధతి మారి, వచ్చిన షరతులతోనే రాష్ట్రానికి అప్పగిస్తున్నారు. ఇప్పుడు వడ్డీ తక్కువ, మారకపు నష్టం రాష్ట్రానిది.

తిరిగి కట్టనక్కర్లేని సాయం చూడాలంటే అదే కాలంలో బ్రిటన్ ఇచ్చినది చూడండి. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో వాటర్‌షెడ్ పనులకు వాళ్ల విదేశీ సాయం శాఖ డీఎఫ్‌ఐడీ ఇచ్చింది గ్రాంటే. 2003లో కేంద్ర ప్రభుత్వం చిన్న దాతలను ఇక వద్దని పంపేసి కొద్దిమందినే ఉంచుకుంది. బ్రిటన్ ఆర్థిక సాయం 2015తో ఆగింది. 2014లో భారత్ ఐడీఏ అర్హత గీత దాటింది కాబట్టి ముప్పావు శాతం రోజులు కూడా పోయాయి.

ఇక డబ్బు నడిచే తీరు. డాలర్లు మూటగట్టుకుని ఎవరూ రారు. రాష్ట్రం ముందు తన బడ్జెట్‌లో పద్దు పెట్టి రూపాయల్లో ఖర్చు చేయాలి. వెలుగుకైతే ఖజానా నుంచి పథకాన్ని నడిపే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్‌కు, అక్కడి నుంచి జిల్లా యూనిట్‌కు, తర్వాత పొదుపు సంఘాల సమాఖ్యల బ్యాంకు ఖాతాలకు. ఖర్చు పట్టికలు ఢిల్లీలో విదేశీ సాయం లెక్కలు చూసే విభాగానికి వెళ్తాయి. అది ప్రపంచబ్యాంకును అడిగి, వచ్చినదాన్ని కేంద్రం ఖాతాలో వేసి, రూపాయలను రాష్ట్రానికి విడుదల చేస్తుంది. ఈ చుట్టు తిరగడానికి నెలలు పడుతుంది. ఖజానాలో కటకట ఉన్న ఏడాది రాష్ట్రం ముందు పెట్టలేక విదేశీ డబ్బు కూడా కదలదు. మంజూరైన అప్పు వాడకుండా మిగిలే ప్రాజెక్టులు కొన్ని ఇలా తయారైనవే.

టెండరు పద్ధతి పాటించకుండా కొన్నా, ఆడిట్ నివేదిక గడువులోపు పంపకపోయినా ఆ ఖర్చును ప్రపంచబ్యాంకు ఒప్పుకోదు. అప్పుడది రాష్ట్రం నెత్తిన పడుతుంది. సెర్ప్‌ను ప్రభుత్వ శాఖగా కాక సొసైటీగా పెట్టడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. శాఖ చేతిలో మిగిలిన డబ్బు మార్చి 31తో మురిగిపోతుంది, సొసైటీ ఖాతాలోది మురిగిపోదు. ఏప్రిల్‌లో నిధుల్లేక సంఘాల పని ఆగకూడదు కదా.

ఎర్రమట్టి

ఖజానా గారు చెప్పిన దారి చివర ఊరుంది. ఇంటికి వెయ్యి రూపాయల చిక్కు విడేది అక్కడే.

విదేశీ డబ్బు రాకముందే పొదుపు ఉద్యమం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ల వెనకే రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. డ్వాక్రా అంతకంటే పాతది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి యూఎన్‌డీపీ కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లోని 20 మండలాల్లో సాపాప్ అనే చిన్న ప్రాజెక్టు నడిపింది. విడివిడి సంఘాలను గ్రామ సమాఖ్యగా, వాటిని మండల సమాఖ్యగా కట్టడం అక్కడ కుదిరింది. చిన్న గ్రాంటుతో నమూనా తయారయ్యాక పెద్ద అప్పుతో దాన్ని రాష్ట్రమంతా పరిచారు. ఈ వరుస తలకిందులైన చోట్ల, అంటే నమూనా కుదరకుండానే కోట్లు దిగిన చోట్ల, మిగిలేవి సైన్‌బోర్డులే.

ఊళ్లో మొదటి పని పేదలెవరో తేల్చడం. తెల్ల కార్డు లెక్కన చూస్తే ఊరంతా పేదలే. అందుకని రచ్చబండ దగ్గర నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం గీసేవారు. వీధి వీధీ, ఇల్లు ఇల్లూ. ఎవరికి భూమి ఉంది, ఎవరు ఏడాదిలో ఎన్ని నెలలు కూలికి వలస పోతారు, ఏ ఇంట్లో ఒంటరి ఆడమనిషి ఉంది అని అక్కడున్నవాళ్లే చెప్పి నిరుపేదలు, పేదలు, మధ్యరకం, ఉన్నవాళ్లు అని గుర్తులు పెట్టేవారు. తర్వాత గ్రామసభలో జాబితా చదివి ఒప్పించాలి. అందరి ముందూ కాబట్టి పదెకరాల ఆసామి నిరుపేదల్లో కూర్చోవడం కష్టం. పగటిపూట పెడితే మాత్రం కూలికి పోయినవాళ్లు, అంటే అసలు నిరుపేదలు, ఆ పటం దగ్గర ఉండరు. రాత్రి ఏడింటికి, మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో పెట్టిన చోట జాబితా వేరుగా వచ్చేది.

తర్వాత సంఘం. 10 నుంచి 15 మంది. పంచసూత్రాలు అందరికీ తెలిసినవే: సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు. ఊళ్లోని సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్య. సామాజిక పెట్టుబడి నిధి, అందరూ సీఐఎఫ్ అనేది, ఈ సమాఖ్యకు వచ్చేది. సమాఖ్య దాన్ని సంఘానికి, సంఘం సభ్యురాలికి అప్పుగా ఇచ్చి వసూలు చేసుకుంటుంది. ఎక్కువ చోట్ల వడ్డీ నెలకు నూటికి రూపాయి.

ఆ రూపాయి విలువ కాగితం మీద చూద్దాం. పది వేలు తీసుకుని నెలకు ఐదొందల చొప్పున 20 నెలల్లో తీర్చింది. బాకీ మీదే వడ్డీ కాబట్టి మొదటి నెల వంద, రెండో నెల 95, మూడో నెల 90. చివరికి మొత్తం వడ్డీ రూ.1,050. ఇదే అప్పు ఊళ్లో నూటికి మూడుకు తెచ్చి ఇలాగే తీరిస్తే రూ.3,150, ఐదుకు తెస్తే రూ.5,250. ఐదు రూపాయల వడ్డీ కట్టేవాళ్లు చాలాసార్లు అసలు కట్టలేరు, ఏళ్ల తరబడి వడ్డీ మాత్రమే కడతారు. ఆ తేడా డబ్బే పేద ఇంట్లో మిగులు. కొత్త ఆదాయం ఒక్క రూపాయి రాకపోయినా ఇంత మిగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పన్నెండు మంది నెలకు యాభై చొప్పున ఏడాది దాచితే రూ.7,200. పుస్తకాలు సరిగ్గా ఉంటే బ్యాంకు దాని మీద నాలుగింతల దాకా, అంటే రూ.28,800, ఇవ్వొచ్చు. నాబార్డ్ ఈ లింకేజీని 1992లోనే మొదలుపెట్టింది. కానీ పాతికవేల ఖాతా కోసం మేనేజరు ఊరికి రాడు, అంగూఠా వేసే పన్నెండు మందితో కాగితాలు నింపించే ఓపిక బ్రాంచిలో ఉండదు. ఆ పని చేసే మనుషుల ఖర్చు పెట్టింది విదేశీ అప్పు. మండలంలో పథకం అధికారి ఏపీఎం, ఆయన కింద ఊళ్లు తిరిగే సమన్వయకర్తలు సీసీలు, ఊళ్లో పుస్తకాలు రాసే అమ్మాయి, బ్రాంచిలో కూర్చుని ఫారాలు నింపే బ్యాంకు మిత్ర. పాత మండలాల నుంచి వచ్చి పక్క జిల్లాలో పదిహేను రోజులుండి సంఘాలు కట్టించే సీఆర్‌పీ అమ్మలు కూడా ఉన్నారు. ఆఫీసరు గంట చెప్పినా ఎక్కనిది, అప్పు తీర్చి రెండెకరాలు విడిపించుకున్న ఆడమనిషి చెబితే ఎక్కేది.

దశాబ్దం చివరికి బ్యాంకులు ఒక్క ఏడాదిలో సంఘాలకు ఇచ్చినదే వేల కోట్లు, మీరు చెప్పిన రూ.1,200 కోట్లకు కొన్ని రెట్లు. కాబట్టి ఇంటికి వెయ్యి అని భాగించకండి. ఆ డబ్బులో చాలా భాగం ఇంటికి పంచడానికి వచ్చింది కాదు. మన బ్యాంకుల్లో మన డబ్బే ఉంది, పేదింటికి దారి లేదు. దారికి అయిన ఖర్చు అది.

అప్పు ఒక్కటే కాదు, బియ్యం సంగతి కూడా చెప్పాలి. కార్డు మీద ఇంటికి 20 కిలోలు మించి వచ్చేవి కావు. నెలలో సగం రోజులు దుకాణంలో కిలో రెండు కిలోలు, అదీ అరువు మీద, అరువు ధరకు. సమాఖ్య ఎవరికెంత కావాలో పది రోజుల ముందు రాసుకుని, మిల్లులో టోకున కొని, సభ్యులకు అప్పు కింద ఇచ్చి కూలి డబ్బు వచ్చినప్పుడు వాయిదాల్లో తీసుకునేది. ఐకేపీ అనగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చే వడ్ల కొనుగోలు కేంద్రం కూడా ఇలాంటి సమష్టి బేరంలోంచి పుట్టిందే. తేమ 17 శాతం చూసే మిషను, కాంటా, గన్నీ సంచులు ఆడవాళ్ల చేతికొచ్చాయి. ప్రాజెక్టు పేరు మారి ఎన్నేళ్లయినా కల్లంలో మాత్రం ఐకేపీ అనే పేరు పోలేదు.

చిట్టా ఆవర్జా

ధన్యవాదాలండీ, రెండూ చాలా ఉపయోగపడ్డాయి. ఎర్రమట్టి గారూ, సీఐఎఫ్ తిరిగి సమాఖ్యకే రావాలన్నారు. చాలా ఊళ్లలో అది మొండిబకాయి అయిందని వింటున్నాం. ఎందుకు? ఇక పేదరికం తగ్గిందని చూపించే నిఖార్సైన లెక్కేమైనా ఉందా?

పాలకేంద్రం

బకాయి ఎలా పడుతుందో గేదె అప్పుతో చెబుతాను, ఎందుకంటే సీఐఎఫ్‌లో గేదెలు చాలా కొన్నారు, చాలా మునిగారు.

మండలంలో ఒకే నెలలో నిధులు విడుదలవుతాయి. మార్చి లోపు ఖర్చు చూపించాలి. నూట యాభై మంది ఒకే సంతకు ఒకే వారం వెళ్తారు. దళారికి ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి ధర ఎక్కుతుంది. పైగా అది ఎండాకాలం ముఖం, పచ్చిమేత అయిపోయే రోజులు. పాలు తగ్గుతాయి, మొదటి వాయిదా అప్పుడే మొదలవుతుంది. గేదె వట్టిపోయిన నెలల్లో వాయిదా కూలి డబ్బులోంచి కట్టాలి. ఒక్కటే గేదె కొన్న ఇంటికి ఇది తప్పదు. ఆరు నెలల తేడాతో రెండో గేదెకు అప్పిస్తే ఒకటి వట్టిపోయినా రెండోది పాలిస్తుంది, వాయిదా ఆగదు. కాగితం మీద పథకం అలాగే ఉండేది, రెండో విడత మాత్రం చాలామందికి అందలేదు.

కొనేటప్పుడు చూడాల్సినవి ఏ పశువుల డాక్టరైనా చెబుతాడు. రెండో ఈతదో మూడో ఈతదో కావాలి. ఈనిన రెండు మూడు వారాల్లోపుదైతే మంచిది. వరుసగా మూడు పూటలు దగ్గరుండి పితికించాలి, ఎందుకంటే ఒకపూట పాలు తీయకుండా ఆపి పొదుగు నింపి చూపించడం సంతలో పాత విద్య. దూడ వెంట ఉండాలి. చెవికి బిళ్ల వేయించి బీమా చేయించాలి, చచ్చిన రోజు ఆ బిళ్ల లేకపోతే బీమా లేదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ ఇల్లు పేదరికంలోంచి బయటపడదు, పైన అప్పు కూడా చేరుతుంది. ఇవి తెలిసిన ఊళ్లు ఉన్నాయి. గడువు తరిమినప్పుడు తెలిసినవాళ్లు కూడా ఒక్కపూటతో సరిపెట్టేస్తారు.

ఇక కాగితం గేదెలు. ఊళ్లో ఉన్న గేదెనే అమ్మినట్టు, కొన్నట్టు రాసి ఫొటో తీయిస్తారు. ఆ డబ్బు పెళ్లికో ఆసుపత్రికో పాత వడ్డీ బాకీకో పోతుంది. నన్నడిగితే అందులో సగం తప్పు నిబంధనది. వడ్డీ బాకీ తీర్చడానికి అప్పు ఇవ్వమని రాసి ఉంటే అబద్ధం ఆడాల్సిన పనే లేదు. నూటికి ఐదు నుంచి నూటికి రూపాయికి మార్చడం కంటే లాభసాటి గేదె ఏదీ లేదు.

మూడోది 2010 సంగతి. ఇదే సంఘాల ఆడవాళ్లకు ఇంకోవైపు నుంచి మైక్రోఫైనాన్స్ కంపెనీలు వారం వాయిదాల మీద అప్పులిచ్చాయి. ఒకరికి నాలుగైదు అప్పులు. వారం వాయిదా కోసం మనిషి గడప దగ్గర కూర్చుంటాడు, సమాఖ్య వాయిదా కోసం ఎవరూ కూర్చోరు. అందుకని ముందు ఆగేది సమాఖ్యదే. 2010 అక్టోబరులో ఈ కంపెనీలను కట్టడి చేస్తూ రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చాక కంపెనీల వసూళ్లు కూలిపోయాయి. మరుసటి ఏడాది సంఘాల ఆడవాళ్లకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి పెట్టడానికి ఆ ఖాళీ ఒక కారణం. 48 గంటల్లో అప్పు అందాలన్న నియమం ఊరికే పెట్టలేదు, కంపెనీ గెలిచింది ఆ వేగంతోనే.

తర్వాత మాఫీ మాటలు. 2014 ఎన్నికల ముందు డ్వాక్రా రుణమాఫీ అనగానే కట్టగలిగినవాళ్లు కూడా ఆగారు. ఆగిన నెలలకు వడ్డీ రాయితీ పోతుంది, బ్యాంకు ఖాతా మొండిబాకీ జాబితాలోకి వెళ్తుంది. క్రమం తప్పక కట్టినవాళ్లు వెర్రివాళ్లయ్యారు. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం.

అడ్డుపుల్ల

లెక్క అడిగారు కాబట్టి కాస్త చల్లనీళ్లు చల్లుతాను.

ప్రణాళికా సంఘం టెండూల్కర్ కమిటీ పద్ధతి లెక్కల్లో ఉమ్మడి ఆంధ్ర పల్లెల్లో పేదరికం 2004-05లో 32.3 శాతం, 2011-12లో 10.96 శాతం. ఇది చూపించి వెలుగు ఘనత అనేవాళ్లు చాలామంది. అదే ఏడేళ్లలో ఉపాధి హామీ వచ్చింది (2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు), ఆరోగ్యశ్రీ వచ్చింది, రెండు రూపాయల బియ్యం మళ్లీ వచ్చింది, ఊళ్ల నుంచి బేల్దారి పనికి నగరాలకు వలస పెరిగింది, కూలి రేట్లు పెరిగాయి. ఏ పథకం వాటా ఎంతో ఆ రెండు అంకెలు చెప్పవు.

పథకం అందిన ఊళ్లనూ అందని ఊళ్లనూ పోల్చిన పని క్లాస్ డైనింగర్, యాన్యన్ లియు చేశారు. తొలి రెండు మూడేళ్లలో ఆదాయంలో, ఆస్తుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తిండిలో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో ఉంది. ఎక్కువ కాలం సంఘాలు నడిచిన చోట మాత్రం ఖర్చు పెట్టే శక్తి, ఆస్తులు కూడా పెరిగాయి. డైనింగర్ ప్రపంచబ్యాంకు ఆర్థికవేత్తే, అంటే సరుకు అమ్మినవాడి కాంటా మీదే తూకం. ఆ ఒక్క మాటతో కొట్టిపారేయలేం గాని గుర్తుపెట్టుకోవాలి.

ఇంకా గట్టి సాక్ష్యం బీహార్‌ది. మన నమూనానే జీవిక పేరుతో అక్కడ పెట్టారు, అదీ ప్రపంచబ్యాంకు డబ్బే. ఏ పంచాయతీలో ముందు మొదలుపెట్టాలో చీటీలు వేసినట్టు తీసి, రెండు రకాల ఊళ్లనూ పోల్చారు. ఎక్కువ వడ్డీ అప్పులు బాగా తగ్గాయి, ఊరి వడ్డీ వ్యాపారి కూడా రేటు దించుకున్నాడు. మిగతా విషయాల్లో తేడా చిన్నదే. ఎర్రమట్టి గారి రూ.5,250కి, రూ.1,050కి మధ్య తేడా నిజమేనని ఇది చెబుతోంది. కోటీశ్వరులయ్యారన్న పోస్టర్లకు మాత్రం ఇందులో ఆధారం లేదు.

ఇంకొకటి కూడా పక్కన పెట్టకూడదు. ఆ రోజుల్లో ఇదే ప్రపంచబ్యాంకు ఇంకో చేత్తో విద్యుత్ సంస్కరణలకు అప్పిచ్చింది. ఆ సంస్కరణల వెంట చార్జీలు పెరిగాయి, జనం వీధికెక్కారు, 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ఒక దాత పేదలకు ఏం చేశాడో లెక్క రాసేటప్పుడు రెండు పద్దులూ ఒకే పేజీలో ఉండాలి.

మొక్కజొన్న చేను

అడ్డుపుల్ల గారి మాటకు ఒక్కటి కలుపుతాను. సాయం అంటే అన్నిచోట్లా సంఘాలు కట్టి బ్యాంకు తలుపు తెరవడం కాదు. తెరవడానికి బ్యాంకే లేని చోట ఏం చేయాలి?

ఇథియోపియా చూడండి. 2005 దాకా ఏటా కరువు అనౌన్స్ చేసి తిండిగింజలు అడగడం, ఓడ వచ్చేలోపు ఎద్దులు అమ్ముకోవడం. ఆ ఏడాది దాతలంతా వేరువేరుగా కాక ఒకే కుండలో డబ్బు వేసి, ఏటా ముందే తెలిసిన మొత్తం ఇచ్చే పథకం మొదలుపెట్టారు. పంటలు లేని నెలల్లో మనిషికి నెలకు ఐదు రోజుల పని: గట్లు వేయడం, నీటి గుంటలు, ఊరి బాటలు. రోజుకు మూడు కిలోల ధాన్యం లేదా దానికి సరిపడే నగదు. పని చేయలేని ముసలివాళ్లకు, రోగులకు పని లేకుండానే ఇస్తారు. మన ఉపాధి హామీకి చుట్టమే అనుకోండి, ఖర్చులో పెద్ద భాగం దాతలది.

అక్కడ పొరపాటు నగదు రేటులో జరిగింది. 2007-08లో గింజల ధర ఒక్కసారిగా లేచింది, రేటును ఆ వేగంతో పెంచలేదు. మూడు కిలోలు కొనాల్సిన నగదు సగం కూడా కొనలేకపోయింది. నగదే మేలని చెప్పిన దాతల ముందు జనం ధాన్యమే కావాలన్నారు. చేతికి రావాల్సిన నెలలో కాక కోతల ముందు నగదు వచ్చినా అంతే, అప్పటికే మేక సంతకు పోయి ఉంటుంది.

ఎర్రమట్టి

చిట్టా గారూ, సీఐఎఫ్ ప్రశ్నకు పాలకేంద్రం గారు గేదె వైపు నుంచి చెప్పారు. పుస్తకం వైపు నుంచి కూడా చూడండి. మూడు లక్షల నిధి ఉన్న సమాఖ్యను ఊహించుకోండి. నూటికి రూపాయి వడ్డీ, ఏడాదికి రూ.36,000. పుస్తకాలు రాసే అమ్మాయికి నెలకు రూ.1,500 అంటే రూ.18,000. బస్సు చార్జీలు, స్టేషనరీ, ఆడిట్ పోను కొంత మిగిలి నిధిలో కలుస్తుంది. ఇప్పుడు నిధిలో సగం బాకీ పడిందనుకోండి. వడ్డీ సరిగ్గా రూ.18,000, అమ్మాయి జీతానికే చాలు. ఇంకాస్త బాకీ పెరిగితే జీతం ఆగుతుంది, ఆమె మానేస్తుంది. పుస్తకం ఆగాక ఎవరెంత బాకీయో చెప్పేవాళ్లు ఉండరు, మిగతా సగం కూడా పోతుంది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లూ ఆ జీతం పైనుంచి వచ్చింది కాబట్టి ఈ గీత ఎవరికీ కనపడలేదు. విదేశీ డబ్బు వెళ్లిపోయిన రెండు మూడేళ్లకు కనపడింది.

ఏదైనా ఊళ్లో నిధి బతికుందో లేదో తెలుసుకోవాలంటే ఒక అప్పును పట్టుకుని నాలుగుచోట్ల వెతకండి: సభ్యురాలి పాసుపుస్తకం, సంఘం లెడ్జరు, సమాఖ్య రశీదు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు. నాలుగింట్లో తేదీ, మొత్తం ఒకటే ఉండాలి. రశీదులో ఉండి బ్యాంకులో లేకపోతే డబ్బు దారిలో ఎవరి చేతిలోనో ఆగింది. బ్యాంకులో పడిన పది రోజులకు రశీదు తేదీ ఉంటే పుస్తకాన్ని ఒకే రోజు కూర్చుని రాస్తున్నారు. తీర్మానం పేజీలో వేలిముద్రలన్నీ ఒకే సిరాతో, ఒకే కోణంలో ఉంటే సమావేశం జరగలేదు. వడ్డీ ప్రతి నెలా ఒకే అంకె ఉంటే, అసలు తగ్గినా వడ్డీ తగ్గించకుండా రాస్తున్నారు. పైన చెప్పిన పది వేల అప్పుకు అలా రాస్తే రూ.1,050 బదులు రూ.2,000 పడుతుంది. ఇది మోసం కంటే ఎక్కువగా లెక్క రాక జరిగేదే, మరుసటి సమావేశంలో సరిచేయొచ్చు.

లీడర్ల పేరున ఉన్న అప్పుల వరుసను చివర్లో చూడండి. సామాన్యంగా అందరూ మొదట అదే చూస్తారు, గొడవై పుస్తకాలు లోపలికి వెళ్లిపోతాయి.